దీవుల్లో పిల్లల సర్వే: దీవుల వాళ్లకే అప్పగించండి

కేంద్ర ఆరోగ్య, కుటుంబ సంక్షేమ శాఖ అధికారులకు, ముంబైలోని అంతర్జాతీయ జనాభా శాస్త్రాల సంస్థ వారికి, అండమాన్ నికోబార్ పాలనా యంత్రాంగానికి,

నమస్కారం.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే రాబోయే విడతకు ఊళ్ల జాబితా ఖరారు చేసేముందు, టెండర్లు పిలిచేముందు ఈ లేఖ చదవమని కోరుతున్నాను. నేను పోర్ట్ బ్లెయిర్‌లో ఉంటాను. 2024 నుంచి దాని పేరు శ్రీ విజయపురం. మా పెద్దవాళ్లు శ్రీకాకుళం తీరం నుంచి చేపల వేటకు వచ్చి జంగ్లీఘాట్‌లో స్థిరపడ్డారు. ఇంటింటి సర్వేల బృందాలను దీవులకు తీసుకెళ్లి, తీసుకురావడం నా పని. ఓడ టికెట్ల దగ్గర్నుంచి ట్యాబ్ చార్జింగ్ వరకు, ఊరి పెద్ద అనుమతి దగ్గర్నుంచి చంటిపిల్లను తూకం మీద పడుకోబెట్టేదాకా ఆ పనిలో ఏముంటుందో చూసినదాన్ని. అందుకే మీతో చెప్పాలనుకున్న విషయం ఒక్కటే: దీవుల్లో పిల్లల బాగోగుల సర్వేకు ప్రధాన భూభాగంలో వేసిన ప్రణాళిక పనికిరాదు. దీన్ని విడిగా, ఓడను బట్టి, రుతువును బట్టి వేయాలి. చేసేవాళ్లు కూడా ఆయా దీవుల వాళ్లే కావాలి.

ముందు కాస్త పాత సంగతి. ఈ సర్వే 1992-93లో మొదలైంది. మొదటి మూడు విడతల్లోనూ అండమాన్ నికోబార్ లేదు. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చింది. కార్ నికోబార్, కచ్చల్, చౌరా, ట్రింకెట్ దీవుల్లో ఊళ్లకు ఊళ్లే పోయాయి. బతికి బయటపడ్డవాళ్లు రేకుల షెడ్లలో ఉన్నారు. ఆ మరుసటి ఏడాదే, 2005-06లో, మూడో విడత సర్వే జరిగింది. దేశం మొత్తంలో పిల్లల పరిస్థితి తెలుసుకోవలసిన అవసరం ఎక్కడైనా ఉందంటే ఆ ఏడాది ఇక్కడే ఉంది. కానీ ఆ విడత 29 రాష్ట్రాలకే పరిమితం. కేంద్రపాలిత ప్రాంతాలన్నీ సర్వేలోకి వచ్చింది 2015-16 విడతలోనే. అంటే సునామీ తర్వాత రేకుల షెడ్లలో పుట్టిన పిల్లలు అయిదేళ్లు దాటిపోయాక వాళ్ల ఊళ్లకు మొదటిసారి ఈ సర్వే ఎత్తు కొలిచే బల్ల వచ్చింది. 2016-18లో పందొమ్మిదేళ్ల లోపు వాళ్లందరి పోషకాహారం మీద జరిగిన సమగ్ర జాతీయ సర్వేలోనూ మాకు చోటు దొరకలేదు. బడి ఈడు పిల్లల రక్తం, ఎదుగుదల గురించి దేశానికి అంత వివరంగా తెలిసింది అప్పుడే. దీవుల బడి పిల్లలకు ఆ లెక్క కూడా లేదు.

2019-21 విడతలో మేం ఉన్నాం. మొదటి దశలోనే, కోవిడ్‌కు ముందే ఇక్కడి పని ముగిసింది. అందుకు కృతజ్ఞతలు. అయితే జిల్లా నివేదికలు తెరిచి నికోబార్ జిల్లా వరుసను చూడండి. పిల్లలకు సంబంధించిన చాలా గడుల్లో అంకె కుండలీకరణాల్లో ఉంటుంది, లేదా అంకె బదులు నక్షత్రం గుర్తు ఉంటుంది. కుండలీకరణం ఉంటే 25 నుంచి 49 మంది లెక్కే దొరికిందని, నక్షత్రం ఉంటే 25 మంది కూడా దొరకలేదని అర్థం. గణాంక శాస్త్రం ప్రకారం అది నిజాయితీ గల పద్ధతే, దానితో నాకు పేచీ లేదు. కానీ జిల్లా వైద్యాధికారి దాన్ని చేతిలో పెట్టుకుని ఏ నిర్ణయం తీసుకోగలరు? విరేచనాలు పట్టుకున్న పిల్లలకు ఓఆర్ఎస్ అందుతోందా లేదా అని అడిగితే నక్షత్రం ఏం చెబుతుంది?

చిక్కు ఎక్కడుందో మీకు నాకంటే బాగా తెలుసు. ఎంపిక చేసిన ఒక్కో ఊరికి 22 ఇళ్లు తీసుకుంటారు. శ్రీకాకుళం జిల్లాలోనో నల్గొండ జిల్లాలోనో అలాంటి ఊళ్లు కొన్ని తీస్తే జిల్లా మొత్తానికి పనికొచ్చే లెక్క వస్తుంది. 2011 జనాభా లెక్కల ప్రకారం నికోబార్ జిల్లా మొత్తం జనం 36,842. అంత చిన్న జిల్లాలో ఊరికి 22 ఇళ్ల చొప్పున తిరిగితే అయిదేళ్లలోపు పిల్లలు ఎంతమంది దొరుకుతారు? అందులో గత రెండు వారాల్లో జబ్బు పడ్డవాళ్లు ఎంతమంది? పైగా నలభై ఇళ్లకు తక్కువున్న ఊరిని పక్క ఊరితో కలిపి ఒకటిగా చూడటం మీ పద్ధతి. మైదానంలో పక్క ఊరంటే పొలం గట్టు దాటితే చాలు. మాకు పక్క ఊరంటే ఒక్కోసారి మధ్యలో సముద్రం ఉంటుంది.

అందుకని నా మొదటి విన్నపం: నికోబార్ జిల్లాలో నమూనా తీయకండి. పిల్లలందరినీ చూడండి. 2011లో ఆ జిల్లాలో ఆరేళ్ల వరకు వయసున్న పిల్లలు సుమారు నాలుగు వేలు. అయిదేళ్లలోపు వాళ్లు అంతకంటే తక్కువే. ఒక మోస్తరు పట్టణంలో రెండు మూడు వార్డుల్లో ఉండేంత మంది. అందరినీ కొలిస్తే నక్షత్రాలు ఉండవు, కుండలీకరణాలు ఉండవు. చౌరాలో ఎలా ఉంది, తెరెస్సాలో ఎలా ఉంది, కమోర్టాలో ఎలా ఉంది అని దీవి దీవికి విడిగా చెప్పగలుగుతాం. ఖర్చు ఎక్కువ అంటారేమో. నిజానికి ఖర్చంతా ఆ దీవికి చేరడంలో ఉంది. ఓడ ఎక్కి, దిగి, బస దొరికించుకున్నాక 22 ఇళ్లు చూసినా, 200 ఇళ్లు చూసినా అదనంగా అయ్యేది కొన్ని రోజుల కూలీ మాత్రమే. అంత దూరం వెళ్లి పాతిక ఇళ్లు కూడా చూడకుండా తిరిగి ఓడెక్కడమే అసలైన దుబారా.

ఇక ఓడల సంగతి. మీ బృందంలో ఒక సూపర్‌వైజరు, ముగ్గురు మహిళా ఇంటర్వ్యూయర్లు, ఒక పురుష ఇంటర్వ్యూయరు, ఇద్దరు ఆరోగ్య పరిశోధకులు, ఒక డ్రైవరు ఉంటారు. ఆ ఆఖరి ఉద్యోగంలోనే తెలిసిపోతుంది, ఈ బృందాన్ని రోడ్డున్న ప్రాంతానికి తయారుచేశారని. పోర్ట్ బ్లెయిర్ నుంచి కార్ నికోబార్ సుమారు 270 కిలోమీటర్లు. గ్రేట్ నికోబార్‌లోని క్యాంప్‌బెల్ బే దానికి రెట్టింపు దూరం. ఓడ ఎప్పుడు బయలుదేరుతుందో కొద్ది రోజుల ముందే తెలుస్తుంది. సముద్రం పోటెత్తితే అదీ రద్దవుతుంది. కొన్ని దీవుల దగ్గర పెద్ద ఓడ దూరంగా ఆగితే చిన్న పడవలోకి దిగి ఒడ్డుకు చేరాలి. ఎత్తు కొలిచే బల్ల, తూకం మిషను, ట్యాబ్‌లు, మందుల పెట్టె అన్నీ ఆ చిన్న పడవలోకి చేతులు మార్చాలి. హెలికాప్టరు ఉంది గానీ అందులో సీటు రోగికి దక్కాలి, మాకు కాదు. ఆ క్రమం అలాగే ఉండాలని నేనూ కోరుకుంటాను.

దీనివల్ల సర్వే నాణ్యతకు ఏం జరుగుతుందో చూడండి. ఇంట్లో తల్లి దొరక్కపోతే వేరే వేళల్లో, వేరే రోజుల్లో కనీసం మూడుసార్లు వెళ్లి చూడాలన్నది నియమం. ఆ ఇంటి బదులు పక్కింటిని తీసుకోకూడదు. చాలా మంచి నియమం. కానీ తల్లి కొబ్బరి తోటలోనో, ఆసుపత్రి పని మీద పోర్ట్ బ్లెయిర్‌లోనో ఉండి, ఓడ రేపు తెల్లవారితే వెళ్లిపోతుంటే రెండోసారి వెళ్లేదెప్పుడు? ఓడ తప్పితే మళ్లీ ఎన్నాళ్లకో. బృందం మొత్తం టెన్షన్‌లో పడుతుంది. ఒక సర్వేలో, పేరు చెప్పను, ఓడ వచ్చేస్తోందన్న కంగారులో మిగిలిన ఇళ్లను గబగబా ముగించమని పైనుంచి ఫోను వచ్చింది. అలా ముగించిన ఇళ్లలో పిల్లల వయసులన్నీ ఏడాది, రెండేళ్లు, మూడేళ్లు అని పూర్తి ఏళ్లలోనే ఉన్నాయి. వయసు నెలల్లో సరిగ్గా లేకపోతే వయసుకు తగ్గ ఎత్తు ఉందో లేదో చెప్పలేం. గిడసబారిన పిల్లను మామూలుగా ఉన్నట్టు, మామూలుగా ఉన్న పిల్లను గిడసబారినట్టు రాస్తాం. తీరంలో జరిగిన ఒక్క రోజు హడావిడి ఢిల్లీలో అచ్చయ్యే శాతాల్లోకి వెళ్లి కూర్చుంటుంది.

రుతువు విషయం దీనికంటే లోతైనది. ఎవరూ పట్టించుకోరు కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. సముద్రం నిలకడగా ఉండేది ఎక్కువగా జనవరి నుంచి ఏప్రిల్ దాకా. మే నుంచి నైరుతి, అది పోయాక ఈశాన్యం. సర్వే వాళ్లు సహజంగానే ఓడలు నడిచే నెలల్లో రావాలనుకుంటారు. పిల్లల జబ్బుల గురించి అడిగే ప్రశ్న ఏమిటి? గత రెండు వారాల్లో జ్వరం వచ్చిందా, దగ్గు వచ్చిందా, విరేచనాలు అయ్యాయా అని. వానలు పడి బావుల్లోకి బురద నీళ్లు చేరే నెలల్లో, ఓడ రాక మందులు అయిపోయే నెలల్లో, కూరగాయలు అందని నెలల్లో ఆ ప్రశ్న అడిగేవాళ్లే ఉండరు. సర్వే బృందాన్ని దీవికి రానిచ్చే వాతావరణమే పిల్లలను ఆరోగ్యంగా ఉంచే వాతావరణం కూడా. కాబట్టి మన లెక్క ఎప్పుడూ మంచి రోజుల లెక్కే అవుతుంది. దీవి పిల్లల కష్టం ఉండేది మిగతా రోజుల్లో.

బయటి నుంచి వచ్చే బృందం ఈ సమస్యను ఎప్పటికీ తీర్చలేదు. వానాకాలంలో కూడా దీవిలోనే ఉండేవాళ్లు మాత్రమే తీర్చగలరు. నా రెండో విన్నపం ఇదే, నా దృష్టిలో అసలైనదీ ఇదే. ప్రతి జనావాస దీవిలో అక్కడే పుట్టి పెరిగిన, ఇంటర్మీడియెట్ దాటిన అమ్మాయిలను, అబ్బాయిలను తీసుకోండి. మలక్కా, కమోర్టా, హట్ బే, క్యాంప్‌బెల్ బే, మాయాబందర్, డిగ్లీపూర్, ఎక్కడ చూసినా చదువుకుని ఉద్యోగం కోసం ఎదురుచూస్తున్న వాళ్లున్నారు. వాళ్లను మంచి వాతావరణంలో ఒకసారి పోర్ట్ బ్లెయిర్ రప్పించి మిగతా దేశంలో ఇచ్చే శిక్షణే పూర్తిగా ఇవ్వండి. కొలతలో పరీక్ష పెట్టండి: ఒకే పిల్లను రెండుసార్లు కొలిచినప్పుడు తేడా ఎంత వస్తోంది, నిపుణుడి కొలతతో పోలిస్తే ఎంత వస్తోంది అని. నెగ్గినవాళ్లకే బల్ల ఇచ్చి పంపండి. తర్వాత వాళ్లు ఏడాదిలో రెండు సార్లు, ఎండాకాలంలో ఒకసారి, వానాకాలంలో ఒకసారి, నింపాదిగా ఇల్లిల్లూ తిరుగుతారు. తల్లి తోటకు వెళ్తే సాయంత్రం వెళ్తారు. సాయంత్రమూ లేకపోతే ఆదివారం చర్చి అయ్యాక వెళ్తారు. వాళ్లకు ఓడ తొందర లేదు.

అంగన్‌వాడీ కార్యకర్తలు, ఏఎన్ఎమ్‌లు ఉన్నారుగా, వాళ్లచేత చేయించవచ్చుగా అని మీలో కొందరు అడుగుతారు. వద్దు. వాళ్ల మీద నాకు గౌరవం ఉంది, వాళ్లు లేకపోతే ఈ దీవుల్లో టీకా అన్నదే ఉండదు. కానీ సర్వే అడిగేది వాళ్ల పని ఎలా జరుగుతోందనే. తనకు గుడ్డు అందలేదని ఏ తల్లి అంగన్‌వాడీ అమ్మ ముఖం మీద చెబుతుంది? దారి చూపడానికి, పిల్లలను పోగు చేయడానికి వాళ్ల సాయం తీసుకోవాలి. ప్రశ్న అడిగేటప్పుడు మాత్రం వాళ్లు ఆ గుమ్మం దగ్గర ఉండకూడదు. అలాగే చిన్న దీవిలో అడిగేవాళ్లు, చెప్పేవాళ్లు చుట్టాలే అవుతారు. ఇంట్లో కొట్టడం, గర్భస్రావం లాంటి సంగతులు చుట్టానికి చెప్పరు. ఆ ప్రశ్నలకు ఒక దీవి అమ్మాయిని పక్క దీవికి పంపాలి. ఇలాంటివి కార్యాలయంలో కూర్చుంటే తట్టవు, దీవి వాళ్లతో ఒక పూట మాట్లాడితే వాళ్లే చెబుతారు.

నికోబారీ ఊళ్లలో మొదట కలవాల్సింది కెప్టెన్‌ను. ఊరి పెద్దను అక్కడ అలాగే పిలుస్తారు. ఆ పైన గిరిజన మండలి ఉంటుంది. జిల్లా కార్యాలయం ఇచ్చిన కాగితం, గిరిజన ప్రాంత పాసు మిమ్మల్ని జెట్టీ దాటిస్తాయి, ఇంట్లోకి తీసుకెళ్లేది కెప్టెన్ మాట. ఆయనతో మాట్లాడకుండా ఇళ్లకు నంబర్లు వేయడం మొదలుపెట్టిన బృందాలకు తర్వాత ఎంత బతిమాలినా తలుపు తెరుచుకోదు. ఇంకో విషయం తూహెత్. అంటే కొన్ని కుటుంబాలు కలిసిన పెద్ద వంశ కుటుంబం. భూమి, కొబ్బరి చెట్లు, పందులు దాని ఉమ్మడి ఆస్తి. సర్వే నిర్వచనంలో ఇల్లంటే ఒకే కప్పు కింద ఉండి ఒకే వంటింట్లో తినేవాళ్లు. సునామీ తర్వాత ప్రభుత్వం చిన్న కుటుంబాల లెక్కన విడివిడి ఇళ్లు కట్టించింది. ఇప్పుడు ఒక పిల్ల పడుకునేది ఒక ఇంట్లో, తినేది పెద్దమ్మ ఇంట్లో, పెరిగేది తూహెత్ అందరి చేతుల్లో. ట్యాబ్‌లో ఆ పిల్ల పేరు ఏ ఇంట్లో ఎక్కించాలి? తప్పుగా ఎక్కిస్తే తల్లి లేని పిల్లగానో, ఎవరూ చూడని పిల్లగానో లెక్కలోకి వస్తుంది. నిజానికి ఆ పిల్లను చూసేవాళ్లు మన ఇళ్లలోకంటే ఎక్కువమంది. ఇంటి నిర్వచనం మార్చమని అడగను, దేశమంతా పోల్చాలంటే అది ఒకటిగానే ఉండాలి. దానికి తోడుగా పిల్ల నిన్న ఎక్కడ తిన్నది, రోజూ ఎవరు చూసుకుంటారు అన్న రెండు ప్రశ్నలు చేర్చండి చాలు.

కొలతల గురించి రెండు మాటలు. ఎత్తు బల్ల, తూకం గట్టి నేల మీద, సమతలంగా ఉండాలి. ఇక్కడ గుంజల మీద లేపిన ఇళ్లు ఎక్కువ, నేల చెక్కలతో ఉంటుంది, అడుగేస్తే ఊగుతుంది. ఊరికొక సిమెంటు అరుగు ముందే గుర్తించి పిల్లలను అక్కడికి పిలవాలి. తిండి ప్రశ్నల్లోనూ ఇలాంటిదే. పసిపిల్లలకు నిన్న ఏం పెట్టారని అడిగే జాబితాలో రొట్టె, అన్నం, పప్పు, పాలు ఉంటాయి. నికోబారీ ఇంట్లో మొగలి జాతి పండును ఉడికించి తీసిన గుజ్జు, కొబ్బరి, చేప, పంది మాంసం ఉంటాయి. ఆ గుజ్జును ఏ వరుసలో వేయాలో శిక్షణలోనే తేల్చాలి. ఇంటర్వ్యూయరుకొక తీరుగా రాస్తే పిల్లలకు సరైన తిండి లేదని తేలుతుంది. పుట్టిన తేదీ గుర్తు చేయడానికి దీవి దీవికి ఒక సంఘటనల పట్టిక తయారు చేసుకోవాలి: ఏ క్రిస్మస్, ఏ పందుల పండుగ, ఏ తుపాను అని. రక్తహీనత పరీక్షను ఈ సర్వే నుంచి తీసి, సిర నుంచి రక్తం తీసే వేరే సర్వేకు అప్పగించారు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ దాన్ని చూస్తోంది. ఆ సంస్థ వారికీ ఇదే లేఖ ద్వారా మనవి: రక్తం నమూనా చల్లగా లాబ్ చేరాలంటే మళ్లీ ఓడే దిక్కు. దీవుల కోసం ముందుగానే ఒక దారి ఆలోచించండి. కష్టమని వదిలేయకండి.

ఇప్పుడు మా వాళ్ల మాట. 2011 లెక్కల ప్రకారం ఈ దీవుల జనంలో తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్లు దాదాపు 13 శాతం. బెంగాలీ, హిందీ, తమిళం తర్వాత మనమే. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వచ్చిన మత్స్యకార కుటుంబాలు ఎక్కువ. ఇక్కడ అందరూ హిందీ మాట్లాడతారు కాబట్టి హిందీలో అడిగితే చాలని బృందాలు అనుకుంటాయి. మగవాళ్లు మార్కెట్లో హిందీ మాట్లాడతారు. సోంపేట పక్క ఊరి నుంచి పెళ్లై వచ్చిన ఇరవై ఏళ్ల కోడలు తన కాన్పు గురించి, పోయిన బిడ్డ గురించి హిందీలో చెప్పలేదు. అవునంటుంది, కాదంటుంది, అంతే. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల కోసం తెలుగు ప్రశ్నావళి మీ దగ్గర ఎప్పటినుంచో సిద్ధంగా ఉంది. అండమాన్ ట్యాబ్‌లలో దాన్ని కూడా ఎక్కించడానికి అయ్యే ఖర్చు ఏమీ లేదు. తెలుగు వచ్చిన ఒక ఇంటర్వ్యూయరును బృందంలో పెడితే చాలు. తమిళం, బెంగాలీలకూ ఇదే వర్తిస్తుంది. నికోబారీ విషయంలో మాత్రం కొత్త పని ఉంది, ఎందుకంటే దీవుల మధ్య భాష మారిపోతుంది. కార్ నికోబార్‌లో రాసుకున్నది నాన్‌కౌరీలో పనికిరాదు.

భాషకంటే పెద్ద అడ్డంకి భయం. మా వాళ్లలో చాలామంది పట్టా లేని చోట గుడిసె వేసుకుని ఉన్నారు. అటవీ భూమి అంచుల్లో, సముద్రం ఒడ్డున. ట్యాబ్ పట్టుకున్న మనిషి వచ్చి ఇంటికి నంబరు వేస్తుంటే ఇల్లు పీకేస్తారేమో, దీవి వాసులని గుర్తించే ఐలాండర్ కార్డు రాకుండా చేస్తారేమో అని అనుమానం. కొందరు తాళం వేసి వెళ్లిపోతారు. ఇళ్ల జాబితా తయారుచేసేవాళ్లు అటువైపు వెళ్లకుండా వదిలేసిన వాడలు కూడా ఉన్నాయి. 2011 తర్వాత జనగణన జరగలేదు, తర్వాతి లెక్కకు 2027 మార్చి 1ని ప్రామాణిక తేదీగా ప్రకటించారు. ఈ మధ్యలో పుట్టుకొచ్చిన వాడలు పాత పటాల్లో ఉండవు. పిల్లలకు తిండి, టీకాలు అందరికంటే తక్కువ అందేది ఆ వాడల్లోనే. పైగా వేట రోజులను బట్టి, పెళ్లిళ్లను బట్టి కుటుంబాలు ఇక్కడికీ శ్రీకాకుళానికీ మధ్య తిరుగుతుంటాయి. నిన్న రాత్రి ఎక్కడ పడుకున్నారు అన్న ప్రశ్నతో ఆ పిల్లలు ఒక్కోసారి రెండు చోట్లా జారిపోతారు. ఒక డోసు టీకా సోంపేటలో, ఇంకోటి హట్ బేలో వేయించుకున్న పిల్ల కార్డు ఏ ఇంట్లో ఉందో తల్లికి కూడా గుర్తుండదు. పాలనా యంత్రాంగం సర్వేకు ముందే, ఈ సమాచారం భూమి కేసులకు గానీ కార్డులకు గానీ వాడబోమని తెలుగులో, బెంగాలీలో, తమిళంలో, హిందీలో, నికోబారీ భాషల్లో రాతపూర్వకంగా ప్రకటించాలి. నోటి మాట చాలదు.

కొన్ని సముదాయాల జోలికి వెళ్లకూడదు. సెంటినెల్ దీవి వాళ్లు, జారవాలు అనే ఆదిమ తెగలు 1956 రక్షణ నిబంధనల కింద ఉన్నాయి. వాళ్ల దగ్గరికి సర్వే పేరుతో ఎవరూ వెళ్లకూడదు, ఎంత మంచి ఉద్దేశంతోనైనా. ఒంగేలు, గ్రేట్ అండమానీలు మిగిలింది చాలా కొద్దిమంది. వాళ్ల పిల్లల గురించి ఏ పట్టిక అచ్చేసినా అది ఫలానా ఇంటి పిల్ల అని తెలిసిపోతుంది. వాళ్ల ఆరోగ్యం చూస్తున్న వైద్యుల దగ్గరే ఆ వివరాలు ఉండాలి. ఈ జాగ్రత్త నికోబారీలకు కూడా కావాలి. పరిశోధకులకు సమాచారం ఇచ్చేటప్పుడు గ్రామీణ నమూనా స్థానాన్ని పటం మీద సాధారణంగా 5 కిలోమీటర్ల దాకా అటూ ఇటూ జరిపి ఇస్తారు, ఊరు గుర్తుపట్టకుండా. చౌరా మొత్తం విస్తీర్ణం సుమారు ఎనిమిది చదరపు కిలోమీటర్లు. అక్కడ చుక్కను ఎటు జరిపినా అది చౌరాయే. అందరినీ లెక్కించమని నేనే అడుగుతున్నాను కాబట్టి ఈ బాధ్యత ఇంకా పెరుగుతుంది. దీవి స్థాయి అంకెలు ఆ దీవి మండలికి, ఆరోగ్య శాఖకు ఇవ్వండి. ఇంటి స్థాయి వివరాలు ఎవరికీ బయటికి వదలకండి.

కొలిచాక ఏం చేస్తాం అన్నది ఇంకో ప్రశ్న. బాగా చిక్కిపోయిన పిల్ల దొరికితే ఆసుపత్రికి తీసుకెళ్లమని తల్లికి ఒక చీటీ ఇస్తారు. హైదరాబాద్ బస్తీలో ఆ చీటీకి అర్థం ఉంది. లిటిల్ నికోబార్‌లో ఉన్న తల్లికి అదే చీటీ ఇచ్చి మనం ఓడెక్కి వెళ్లిపోతే ఆమె ఏం చేయాలి? ఇద్దరు పిల్లలను ఎవరికి అప్పగించి, ఏ ఓడలో, ఎన్నాళ్లు వెళ్లాలి? ఏ ఊళ్లో ఏ వారం సర్వే ఉందో ఆ వారం అక్కడి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి ముందే తెలియాలి. తీవ్రంగా బలహీనపడ్డ పిల్లలను ఎవరు ఎలా తరలిస్తారో, తోడు వచ్చిన తల్లికి పోర్ట్ బ్లెయిర్‌లో బస ఎక్కడో రాసి ఉండాలి. అది లేకుండా కొలత మొదలుపెట్టకండి. ఈ మాట గట్టిగానే అంటున్నాను.

పిల్లల బాగోగులు అంటే ఎత్తు, బరువు, టీకాలు మాత్రమే కాదన్న సంగతి ప్రపంచంలో చిన్న చిన్న దీవుల దేశాలు ఇప్పటికే అమల్లో చూపించాయి. పసిఫిక్‌లో కిరిబాటి 2018-19లో, టోంగా 2019లో, టువాలు 2019-20లో యూనిసెఫ్ సాయంతో ఇంటింటి సర్వేలు చేశాయి. టువాలు జనం మన ఒక మండలమంత కూడా ఉండరు, పదివేలకు కాస్త అటూ ఇటూ. అయినా సొంత గణాంక విభాగమే దగ్గరుండి ఆ సర్వే చేసింది. వాటిలో అయిదేళ్లు దాటిన పిల్లల గురించి కూడా అడుగుతారు: చదవగలడా, చిన్న లెక్కలు చేయగలడా, చూపు, వినికిడి, నడక, మనసు ఎలా ఉన్నాయి, ఇంట్లో దండన ఎలా ఉంటుంది అని. మన సర్వేలో అయిదేళ్లు నిండిన పిల్ల ఇంటి జాబితాలో బడి లాంటి కొద్దిపాటి వివరాలతో ఒక పేరుగా మాత్రమే మిగులుతుంది, మళ్లీ పదిహేనేళ్లకు గానీ కనిపించదు. హైస్కూలు కోసం ఇల్లు వదిలి హాస్టల్లోనో, పోర్ట్ బ్లెయిర్‌లో చుట్టాల ఇంట్లోనో ఉండే దీవి పిల్లలు సరిగ్గా ఆ మధ్య వయసు వాళ్లే. హాస్టలు ఇల్లు కాదు కాబట్టి ఇంటింటి సర్వేలో వాళ్లు అసలే రారు. దీవుల విడతలో అయిదు నుంచి పదిహేడేళ్ల వాళ్లకు ఒక భాగం, హాస్టళ్లకు ఒక చిన్న అనుబంధం చేర్చండి. లక్షద్వీప్‌కు కూడా ఇది పనికొస్తుంది.

గ్రేట్ నికోబార్ గురించి చెప్పకుండా ముగించలేను. 2011లో అక్కడ ఎనిమిది వేల చిల్లర జనం. గలతియా బే దగ్గర ఓడరేవు, విమానాశ్రయం, పట్టణం కట్టే ప్రాజెక్టుకు 2022లో పర్యావరణ అనుమతి వచ్చింది. జనం కొన్ని లక్షలకు పెరుగుతారని ఆ ప్రణాళికే అంటోంది. దాని మీద ఎవరి అభిప్రాయం ఏదైనా, ఒకటి మాత్రం అందరూ ఒప్పుకోవాలి: ఆ మార్పుకు ముందు అక్కడి నికోబారీ పిల్లలు, పాత సెటిలర్ల పిల్లలు ఎలా ఉన్నారో ఒక లెక్క కాగితం మీద ఉండాలి. అది లేకపోతే పదేళ్ల తర్వాత వాళ్లకు మేలు జరిగిందా, కీడు జరిగిందా అని ఎవరూ తేల్చలేరు. తర్వాత వచ్చే లక్షల మందిలో ఆ కొద్దిమంది పిల్లల శాతాలు కలిసిపోతాయి. ఆ దీవిని మిగతా జిల్లా కోసం ఆగకుండా ముందుగా తీసుకోండి.

ఇదంతా మొదలు కావడానికి ఒక సమావేశం కావాలి. అది ముంబైలో కాకుండా పోర్ట్ బ్లెయిర్‌లో జరగాలి. నౌకా సేవల డైరెక్టరేటు, ఆరోగ్య శాఖ, గిరిజన మండళ్ల ప్రతినిధులు, తెలుగు, బెంగాలీ, తమిళ మత్స్యకార సంఘాల వాళ్లు, ఇంతకుముందు సర్వేలకు తిరిగిన మాలాంటి వాళ్లు అందులో ఉండాలి. క్షేత్ర సంస్థకు టెండరు రాసేటప్పుడే ఓడ ఆలస్యాల రోజుల జీతం, స్థానిక ఇంటర్వ్యూయర్ల నియామకం, రెండు రుతువుల పని షరతులుగా పెట్టాలి. టెండరు ఖరారయ్యాక ఇవి అడిగితే ఎవరూ వినరు, అది మాకు అలవాటే. వచ్చే జనవరిలో సముద్రం అనుకూలించేనాటికి శిక్షణ మొదలవ్వాలంటే ఆ సమావేశం ఈ వానాకాలంలోనే జరగాలి. తేదీ చెబితే నికోబార్ నుంచి రావలసిన వాళ్ల ఓడ టికెట్లు మేం చూసుకుంటాం.

ఇట్లు,
ఇంటింటి సర్వేల క్షేత్ర సమన్వయకర్త,
జంగ్లీఘాట్, శ్రీ విజయపురం